కౌంటర్ దాకా రాని టికెట్



2024 సెప్టెంబరు 22, ఆదివారం. మధ్యాహ్నం 12 కావడానికి ఇంకా పావుగంట ఉంది. మా అన్నయ్య కూతురు భోజనాల బల్ల మీద ఒక లాప్‌టాప్, రెండు ఫోన్లు పరుచుకుని కూర్చుంది. ఆ రెండో ఫోను నాది. "బాబాయ్, ఒంటిగంట దాకా నీకు ఫోన్ లేదనుకో" అని పొద్దున్నే లాక్కుంది. కోల్డ్‌ప్లే అని ఇంగ్లండు పాటల బృందం ఒకటి ఉంది. వాళ్లు 2025 జనవరిలో నవీ ముంబయి డి.వై. పాటిల్ స్టేడియంలో పాడబోతున్నారు. టికెట్ల అమ్మకం ఆ రోజు 12కి మొదలు. ధర 2,500 రూపాయల నుంచి 35,000 దాకా. మా పిల్ల చూపు 2,500 టికెట్ మీద. ఇంటర్ చదివేటప్పటి నుంచి ఆ పాటలే దాని లోకం. ఆ బృందంలో డ్రమ్స్ వాయించే ఆయన పేరు కూడా టక్కున చెబుతుంది. నాకు మా వార్డు కార్పొరేటర్ పేరే గుర్తుండదు.

12 కాకముందే సైటు మొరాయించింది. కాసేపటికి తెరుచుకుంది గానీ, లోపలికి వెళ్లాక తెర మీద ఒక అంకె కనబడింది. వరుసలో దీని ముందు ఏడు లక్షల పైచిలుకు జనం ఉన్నారట. వంటింట్లోంచి వచ్చిన మా వదిన ఆ అంకె చూసి, "పుష్కరాల రేవులో కూడా ఇంత వరస చూడలేదే తల్లీ! అన్నం తినేసి వచ్చి నిలబడు" అంది. పిల్ల కదల్లేదు. అన్నం చల్లారింది. మూడింటికి టికెట్లు అయిపోయాయని తెర మీద పడింది.

ఆ రోజు టికెట్ల కోసం సైటులోకి వచ్చినవాళ్లు 1 కోటి 30 లక్షల మంది అని అమ్మిన సంస్థ, బుక్‌మైషో, తరవాత చెప్పింది. రెండు కచేరీలు అనుకున్నది తాకిడి చూసి మూడోది కలిపారు. మూడు రాత్రులూ ఆ స్టేడియం నిండినా లక్షన్నర మందికి అటూ ఇటూగా చోటు. అంటే నూటికి ఒక్కరు లోపలికి. మిగతా తొంభైతొమ్మిది మందిలో మా పిల్ల ఒకతె. అందులో అన్యాయం ఏమీ లేదు. ఉన్న చోటు అంతే.

అన్యాయం సాయంత్రం మొదలైంది. అదే టికెట్లు వేరే సైట్లలో తేలాయి. లక్షల్లో ధర చెప్పిన ప్రకటనలు కూడా కనబడ్డాయి. ఇక్కడ ఒక్క మాట. ప్రకటనలో పెట్టిన ధర వేరు, నిజంగా అమ్ముడైన ధర వేరు. సంతలో ఎద్దుకు మొదట చెప్పే బేరం లాంటిది అది. పత్రికలు మొదటి అంకెనే పెద్ద అక్షరాల్లో వేస్తాయి. అయినా సరే, చెప్పిన దాంట్లో పదో వంతుకు అమ్ముడైనా అది మా పిల్ల జీతానికి అందే ధర కాదు. ఇంకో తమాషా ఉంది. ఈ వ్యాపారంలో కొందరు చేతిలో టికెట్ లేకుండానే టికెట్ అమ్ముతారు. ముందు గిరాకీ దొరకబుచ్చుకుని, డబ్బు తీసుకుని, ఆ తరవాత టికెట్ వేటకు బయలుదేరతారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. సోమలింగం పుట్టకపోతే ఏమిటన్నది స్టేడియం గేటు దగ్గరగానీ తేలదు.

బుక్‌మైషో వాళ్లు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. ముంబయి పోలీసులు ఆ సంస్థవాళ్లనే విచారణకు పిలిచారు. అక్టోబరులో ఈడీ రంగంలోకి దిగి ఐదు నగరాల్లో 13 చోట్ల సోదాలు చేసింది. కోల్డ్‌ప్లేతో పాటు పంజాబీ గాయకుడు దిల్జీత్ దోసాంజ్ కచేరీల టికెట్లు కూడా ఇదే దారిలో పోయాయని, వాట్సాప్, టెలిగ్రామ్, ఇన్‌స్టాగ్రామ్‌లలో నకిలీ టికెట్లు అమ్మారని బయటపడింది. ఒకాయన బాంబే హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేస్తే, చట్టం చేయడం చట్టసభల పని, మాది కాదని 2025 జనవరిలో కొట్టేశారు. దిల్జీత్‌ను అడిగితే ఇండోర్ కచేరీ వేదిక మీద నుంచే జవాబిచ్చాడు. పది రూపాయల టికెట్ ఇరవైకి అమ్మడం మన దేశంలో సినిమా పుట్టినప్పటి నుంచీ ఉన్నదే, నన్నొక్కడినే నిలదీస్తే ఎలా అని ఆయన వాదన. తప్పించుకునే మాటే. కానీ అబద్ధం కాదు.

ఎందుకంటే ఆ పదికి ఇరవై మనందరం ఇచ్చినవాళ్లమే.

నా కాలేజీ రోజుల్లో మా ఊరి హాళ్లలో టికెట్ కౌంటర్‌కు వెళ్లే దారి సొరంగంలా ఉండేది. రెండు వైపులా గోడలు, పైన ఇనుప జాలీ, మనిషికి మనిషి అంటుకుని నడిచేంత వెడల్పు. కొత్త సినిమా పడితే దాంట్లో గాలి ఉండేది కాదు. చొక్కా విప్పి నడుముకు కట్టుకుని, ముందువాడి భుజాల మీద ఎక్కి, తలల మీదుగా పాకుతూ కౌంటర్ కంతలో చెయ్యి పెట్టేవాళ్లు ఉండేవారు. ఆ చెయ్యి బయటికి వచ్చేసరికి గీరుకుపోయి రక్తం కారుతూ ఉండేది, గుప్పిట్లో నలిగిన నాలుగు నేల టికెట్లు ఉండేవి. పక్కనే ఆడవాళ్ల వరుస. అక్కడ పట్టుమని ఇరవై మంది ఉండరు. దాంతో మగపిల్లలందరూ ఆ వరుస దగ్గర చేరి "అక్కా ఒక్కటి, పిన్నిగారూ ఒక్కటి" అని బతిమాలుకోవడం. మా మేనత్త అలా ఒకసారి తన చీర కొంగులో ఏడుగురు అబ్బాయిల డబ్బులు మూట కట్టుకుని వెళ్లింది. టికెట్లు తెచ్చాక ఎవడిది ఎంతో తెలియక, హాలు ముందు మెట్ల మీద కూర్చుని సంతలో చింతపండు పంచినట్టు పంచింది. ఒక్క పైసా మిగుల్చుకోలేదు. ఒక పైసా పోగొట్టుకోలేదు కూడా.

హౌస్‌ఫుల్ బోర్డు పెట్టిన ఐదు నిమిషాలకు సైకిల్ స్టాండు దగ్గర ఒక గొంతు వినబడేది. పెదవులు కదలవు. చూపు ఎటో ఉంటుంది. "బాల్కనీ... బాల్కనీ... బాల్కనీ..." నేనూ ఒకసారి కొన్నాను. మూడింతలు పెట్టి. గేటుమేను టికెట్‌ను వెలుతురు వైపు తిప్పి చూసి, నా ముఖం చూసి, "బాబూ, ఇది పొద్దుటి ఆటది" అన్నాడు. కాగితం రంగు అదే, హాలు పేరు అదే, ఆటే వేరు. ఆ హాలు పేరు చెప్పను, ఇప్పుడది కల్యాణమండపం.

శ్రోతలూ, నేను ఈ వ్యవహారం గురించి చాలారోజులు ఆలోచించాక నాకు తట్టిన దారి ఒకటి చెబుతాను. అది మనకు ఏ అర్థశాస్త్రం పుస్తకమూ నేర్పనక్కర్లేదు. తిరుమల నేర్పింది.

కొద్దిగా ఉన్నదాన్ని ఎక్కువమందికి పంచాల్సి వచ్చినప్పుడు ఏం చేస్తారో మనకంటే బాగా ఎవరికి తెలుసు? సర్వదర్శనం ఉంది. దానికి ఇవ్వవలసింది సమయం. కంపార్టుమెంట్లో కూర్చోవాలి. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం ఉంది. దానికి డబ్బు. ఆర్జిత సేవలకు లక్కీడిప్ ఉంది. దానికి అదృష్టం. ఇక సిఫారసు ఉత్తరం ఉంది. దానికి ఏమివ్వాలో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. కాలం, డబ్బు, అదృష్టం, పలుకుబడి. ఈ నాలుగు వరుసలే లోకంలో ఎక్కడైనా. దేవుడికీ పాటకచేరీకీ నేను పోలిక పెట్టడం లేదు. వరుసకీ వరుసకీ పెడుతున్నాను.

బ్లాకులో అమ్మేవాడు చేసే పని ఏమిటి? మిగతా మూడు వరుసల్లోంచి టికెట్లను లాగి డబ్బు వరుసలోకి తోయడం. నిలబడ్డవాడి కాలాన్ని డబ్బు చేస్తాడు. చీటీలో వచ్చిన అదృష్టాన్ని డబ్బు చేస్తాడు. లోపలివాడి పలుకుబడిని కూడా డబ్బు చేస్తాడు. ఇంతే అతని విద్య. అందుకే బ్లాకు గురించి మాట్లాడేటప్పుడు ధర ఎంత అన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. టికెట్ ఏ వరుస నుంచి ఏ వరుసకు మారింది అన్నది మొదటిది.

వరుసలో నిలబడటమే అన్నిటికంటే న్యాయం అనిపిస్తుంది. ఎంత ప్రేమ ఉంటే అంతసేపు నిలబడతాడు కదా అని. 1867 నవంబరులో చార్లెస్ డికెన్స్ అమెరికా వెళ్లాడు, తన నవలల్లోంచి ఘట్టాలు వేదిక మీద చదివి వినిపించడానికి. మన హరికథలాగా ఆయన ఒక్కడే అన్ని పాత్రలూ పలికేవాడు. టికెట్ 2 డాలర్లు. బోస్టన్‌లో, న్యూయార్క్‌లో జనం రాత్రంతా చలిలో వీధిలో పడుకున్నారు. పరుపులు, దుప్పట్లు, తిండి మూటలు, సీసాలు తెచ్చుకుని మరీ. బ్రూక్లిన్‌లో వీధి మధ్య పెద్ద చలిమంట వేసుకున్నారు. అభిమానం అంటే ఇదీ అనుకుంటాం. కానీ ఆ పరుపుల మీద పడుకున్నవాళ్లలో చాలామంది దళారులు పెట్టిన కూలీలు. తెల్లారి కొన్న టికెట్ మధ్యాహ్నానికి పదింతలు పలికింది. డికెన్స్ మేనేజరు జార్జి డాల్బీ ఎన్ని కట్టడులు పెట్టినా ఆగలేదు సరికదా, దళారులతో కుమ్మక్కయ్యావని పత్రికలు ఆయన్నే తిట్టిపోశాయి. అంటే కంప్యూటర్ రాకముందే, ఫోన్ కూడా రాకముందే, కూలి ఇస్తే నీ బదులు ఇంకొకడు నిలబడతాడన్నది లోకానికి తెలుసు.

పైగా వరుస అందరికీ ఒకటి కాదు. ఇంట్లో పాలు తాగే బిడ్డ ఉన్న అమ్మ నిలబడలేదు. రోజుకూలీ నిలబడలేడు. మోకాళ్లు సహకరించని పెద్దాయన నిలబడలేడు. 2022లో, యాదృచ్ఛికంగా అదే సెప్టెంబరు 22న, సికింద్రాబాద్ జింఖానా మైదానంలో ఏం జరిగిందో హైదరాబాద్ శ్రోతలకు గుర్తుండే ఉంటుంది. ఉప్పల్లో భారత్, ఆస్ట్రేలియా టీ20 మ్యాచ్. టికెట్లు అక్కడ అమ్ముతారన్నారు. వేలమంది తెల్లవారుజాము నుంచే చేరారు. తొక్కిసలాట, లాఠీలు, ఆస్పత్రిపాలైన మనుషులు. క్రికెట్ చూద్దామని వచ్చినవాళ్లు వాళ్లు. కాబట్టి ఆ సొరంగం రోజులే మంచివని నేను అనను. తలల మీద పాకగలిగినవాడికి అవి మంచి రోజులు.

వరుస ఇంటర్‌నెట్‌లోకి ఎక్కితే ఈ తొక్కిసలాట ఉండదనుకున్నాం. దేహానికి దెబ్బ తగలడం లేదు, నిజమే. కానీ అక్కడ నిలబడేది మనిషేనా? అమెరికాలో వైజ్‌గయ్ అనే టికెట్ల కంపెనీ ఒకటి ఉండేది. మనం తెర మీద వంకర అక్షరాలు చూసి టైపు చేస్తామే, మనిషినే అని రుజువు చేసుకోవడానికి, ఆ పరీక్షను ప్రోగ్రాములతో దాటించి వాళ్లు పది లక్షలకు పైగా టికెట్లు కొన్నారు. 2010లో కేసు పడింది. న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ 2016 జనవరిలో ఇచ్చిన నివేదికలో ఇంకో లెక్క ఉంది. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో యూటూ బృందం కచేరీకి ఒకే ఒక్క దళారి ప్రోగ్రాము ఒక్క నిమిషంలో 1,012 టికెట్లు లాగేసింది. మనిషికి నాలుగే అని నియమం ఉండగా. మా పిల్ల ఒక వేలితో పేరు, ఈమెయిలు, కార్డు నంబరు కొట్టుకుంటూ ఆ నిమిషంలో ఎక్కడిదాకా వస్తుంది? చిరునామా దగ్గర ఉంటుంది. ఆ ఏడాది చివర్లోనే అమెరికా ఇలాంటి ప్రోగ్రాములను నిషేధిస్తూ చట్టం చేసింది. దాని కింద మొట్టమొదటి చర్య 2021లో. నాలుగేళ్లు ఆ చట్టం అలమారాలో ఉంది.

ఇప్పుడు అర్థశాస్త్రవేత్తలు ఒక ప్రశ్న వేస్తారు. వేయవలసిన ప్రశ్నే. టికెట్ మీద 2,500 అని ముద్రించి, బయట 25,000 పలుకుతోందంటే, పాడేవాడే ముందు 25,000 పెట్టొచ్చు కదా? దళారి తినే లాభం కళాకారుడికైనా దక్కుతుంది. బాగా ఇష్టపడేవాడే బాగా పెడతాడు కదా?

ఈ చివరి వాక్యం దగ్గరే నాకు పేచీ. బాగా ఇష్టపడేవాడు, బాగా పెట్టగలిగేవాడు ఒకడే అయితే మన నాటక సమాజాలు ఏనాడో కోటీశ్వరులై ఉండేవి. పద్యానికి "ఒన్స్ మోర్" అని గొంతు చించుకున్నది ముందు వరుస సోఫాల్లోని పెద్దలు కాదు, వెనక చాపల మీది జనం. పాడేవాడికి ఆ సంగతి తెలుసు. కుర్చీలో వెనక్కి వాలి ఫోన్ చూసుకునే ముందు వరుస కంటే, ప్రతి పాటా నోటికి వచ్చిన పిల్లలు ముందుంటే కచేరీ లేస్తుంది. అందుకే చాలామంది తెలిసీ ధర తగ్గించి పెడతారు. ఆ తగ్గింపు అభిమానికి కళాకారుడు ఇచ్చే కానుక. మధ్యలో దళారి తెరిచి తీసేసుకునేది ఆ కానుకనే, పోస్టులో కవరు చింపి నోటు తీసుకున్నట్టు.

ధర పెంచి చూసినవాళ్లూ ఉన్నారు. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అని అమెరికాలో కార్మికుల పాటలు పాడే పెద్ద గాయకుడు. 2022లో ఆయన కచేరీ టికెట్లు గిరాకీని బట్టి ధర మారే పద్ధతిలో అమ్మితే కొన్ని 5,000 డాలర్ల దాకా పోయాయి. ఆయన అభిమానుల పత్రిక ఒకటి ఉండేది, 'బ్యాక్‌స్ట్రీట్స్' అని. 1980లో మొదలై నాలుగు దశాబ్దాల పైన నడిచింది. టికెట్ల ధరలతో మనసు విరిగిందని చెప్పి 2023లో దాన్ని మూసేశారు. నలభై మూడేళ్ల అభిమానం! ఒక టికెట్ ధర దగ్గర ఆగిపోయింది. 2024 ఆగస్టు చివర ఇంగ్లండులో ఒయాసిస్ బృందం మళ్లీ కలిసి పాడతామంటే, 150 పౌండ్ల దరిదాపు అనుకున్న నిలబడి చూసే టికెట్, గంటలకొద్దీ తెర ముందు కాపలా కాసి కౌంటర్ దగ్గరికి చేరేసరికి 350 పైకి ఎగబాకి కనబడింది.

మనకూ ఇది కొత్త కాదు. పెద్ద సినిమా విడుదలకు ముందు టికెట్ ధర పెంచుకోమని ప్రభుత్వాలు జీవోలు ఇస్తున్నాయి. 2024 డిసెంబరు 4 రాత్రి 'పుష్ప 2' ముందస్తు ఆటలకు తెలంగాణలో టికెట్ మీద అదనంగా 800 రూపాయలు తీసుకోవచ్చన్నారు. సైకిల్ స్టాండు దగ్గరి గొంతు ఇప్పుడు జీవో నంబరు వేసుకుని వచ్చింది. దాంతో బ్లాకు తగ్గిందా అంటే, తగ్గే ఉండొచ్చు. మా మేనత్త లాంటి ఆవిడ ఏడుగురికి టికెట్లు తెచ్చే రోజులు మాత్రం పోయాయి. ఏడుగురి దగ్గర అంత డబ్బు ఉండాలి ముందు.

సరే, మరి ఏం చేయగలం? నాకు బాగా నచ్చిన కథ ఒకటి చెబుతాను. 'ది క్యూర్' అని ఇంగ్లండులోనే ఒక పాత బృందం. దాని నాయకుడు రాబర్ట్ స్మిత్, చెదిరిన జుట్టు, పెదవులకు ఎర్రరంగు. 2023లో అమెరికా యాత్రకు కొన్ని టికెట్లు 20 డాలర్లకే పెట్టాడు. కొన్నవారి పేరు మీదే ఉండాలి, ఇంకొకరికి మార్చకూడదు, వద్దనుకుంటే అదే ధరకు అక్కడే తిరిగి ఇచ్చేయాలి అన్నాడు. అమ్మకం మొదలయ్యాక చూస్తే 20 డాలర్ల టికెట్ మీద సర్వీసు చార్జీలు 20 డాలర్ల కంటే ఎక్కువ పడ్డాయి. దూడ కంటే పలుపు బరువు! ఆయన ట్విటర్‌లో అన్నీ పెద్ద అక్షరాల్లో, అరుస్తున్నట్టు రాసి, అమ్మే సంస్థతో తలపడ్డాడు. టికెట్‌మాస్టర్ అంతటి సంస్థ దిగివచ్చి కొందరికి 10, కొందరికి 5 డాలర్ల చొప్పున వెనక్కి ఇచ్చింది. దళారులు ఊరుకుంటారా? టికెట్ మార్చకూడదంటే ఆ టికెట్ కొన్న అకౌంటునే, పాస్‌వర్డుతో సహా, అమ్మేయడం మొదలుపెట్టారు. తాళం అమ్మకూడదంటే ఇల్లే అమ్మినట్టు. ఆయన కనిపెట్టి దాదాపు 7 వేల టికెట్లు రద్దు చేయించాడు.

ఇందులో ఒక చిక్కు ఉంది. న్యూయార్క్, ఇల్లినాయ్, కొలరాడో రాష్ట్రాల్లో ఆయన పప్పులు ఉడకలేదు. కొన్న టికెట్‌ను ఎవరికైనా ఇచ్చుకునే హక్కు కొన్నవాడిదే అని అక్కడి చట్టాలు. వినడానికి బాగుంటుంది. నిజానికి న్యాయం కూడా ఉంది అందులో. జ్వరం వస్తుంది, ఇంట్లో పెద్దలు పోతారు, సెలవు దొరకదు. కొన్నది ఇంకొకరికి ఇవ్వకూడదంటే ఎలా? కానీ ఆ హక్కు నీడలో టోకు వ్యాపారం పెరిగింది. ఇవ్వనివ్వడం వేరు, లాభానికి అమ్మనివ్వడం వేరు. ఈ రెండింటి మధ్య గీత జపాన్ బాగా గీసిందనిపిస్తుంది నాకు. అక్కడ కచేరీ టికెట్లు చాలావాటికి చీటీలు తీస్తారు, చాలావరకు అభిమాన సంఘాల సభ్యులకు ముందుగా. 2019 జూన్ నుంచి, కొన్నవారి పేరు నమోదైన టికెట్‌ను నిర్వాహకుల అనుమతి లేకుండా ముద్రించిన ధరకు మించి వ్యాపారంగా అమ్మితే ఏడాది దాకా జైలు లేదా 10 లక్షల యెన్‌ల దాకా జరిమానా. స్నేహితుడికి అదే ధరకు ఇస్తే నేరం కాదు. బ్రిటన్ ఫుట్‌బాల్ టికెట్లకు 1994లోనే నిషేధం పెట్టింది, అదీ న్యాయం కోసం కాదు, ఇరుపక్షాల వీరాభిమానులు పక్కపక్కన కూర్చుని తన్నుకోకుండా. పాటలకు కూడా ముద్రించిన ధరకు మించి అమ్మకుండా నిషేధిస్తామని 2025 నవంబరుకు గానీ అక్కడి ప్రభుత్వం ప్రకటించలేదు. ముప్పయ్యేళ్లు పట్టింది. పాట వినేవాళ్లు తన్నుకోరు కదా మరి.

కోల్డ్‌ప్లే వాళ్ల పద్ధతి ఒకటి కూడా చెప్పాలి, వాళ్ల వల్లే కదా నా ఫోన్ పోయింది. 'ఇన్ఫినిటీ' టికెట్లని కొన్ని విడిగా ఉంచుతారు. మన దేశంలో 2,000 రూపాయలు. జంటగానే కొనాలి, రెండుకు మించి ఇవ్వరు. సీటు ఎక్కడో కొనేటప్పుడు తెలియదు. వేదిక దగ్గరికి వచ్చి తీసుకున్నప్పుడే తెలుస్తుంది. చిట్టచివరా కావచ్చు, వేదిక పక్కనా కావచ్చు. ఇందులో తెలివి చూడండి. ఏ సీటో తెలియని టికెట్‌కు దళారి ధర చెప్పలేడు. ముంబయి కచేరీలకు అవి 2024 నవంబరు 22న వచ్చాయి. మా పిల్ల మళ్లీ ప్రయత్నించింది. ఈసారి ఫోన్ నేనే ఇచ్చాను. దొరకలేదు.

ఇప్పటిదాకా మూడు వరుసల మాటే చెప్పాను. నాలుగోది వదిలేశానని మీరు గమనించే ఉంటారు. అందరూ వదిలేస్తారు. ఇందాక చెప్పిన న్యూయార్క్ నివేదికలో నన్ను నిద్రపోనివ్వని లెక్క ఆ 1,012 కాదు. పెద్ద కచేరీల టికెట్లలో సగటున 46 శాతమే మామూలు జనం కొనుక్కునే అమ్మకానికి వచ్చాయని తేల్చింది ఆ నివేదిక. మిగిలిన 54 శాతం? అందులో పెద్ద భాగం ఫలానా బ్యాంకు కార్డు ఉన్నవాళ్లకూ, ఫలానా సంఘంలో ఉన్నవాళ్లకూ ముందే అమ్మేశారు. ఇంకో భాగం లోపలివాళ్లకు, వేదిక యజమానులకు, ప్రాయోజకులకు, వాళ్ల మనుషులకు తీసిపెట్టారు. అంటే 12 కొట్టేసరికి సగం హాలు నిండిపోయింది. వరుసలో ఉన్నవాళ్లు మిగతా సగం కోసం కొట్టుకుంటున్నారు, ఆ సంగతి తెలియక.

మన దగ్గర ఈ లెక్క ఎవరూ తీయలేదు. తీయమని అడిగినవాళ్లూ తక్కువే. సైకిల్ స్టాండు దగ్గరివాడిని పట్టుకోవడం తేలిక, అతను బయట నిలబడి ఉంటాడు. అతని జేబులోకి యాభై బాల్కనీ టికెట్లు ఎలా వచ్చాయని మా ఊళ్లో ఎప్పుడూ ఎవరూ అడగలేదు. అతను ఆ సొరంగంలో చొక్కా విప్పి నిలబడగా నేను ఒక్కసారి చూడలేదు. కౌంటర్ వెనక తలుపు ఒకటి ఉండేది.

అందుకని నాకు ఒక చిన్న కోరిక. టికెట్ మీద పేరు వేయండి, చీటీ తీయండి, వద్దనుకున్నవాడు అదే ధరకు తిరిగి ఇచ్చే చోటు పెట్టండి, అన్నీ బాగానే ఉన్నాయి. వాటికంటే ముందు, అమ్మకం మొదలయ్యే రోజు ఒక్క అంకె ప్రకటించండి. మొత్తం సీట్లు ఇన్ని, ఈ కౌంటర్‌కు వచ్చినవి ఇన్ని. చట్టం చేసే పెద్దలకు ఇది ఒక్క వాక్యం. ఆ అంకె చూసి మా వదిన చెప్పేస్తుంది పిల్లకు, నిలబడాలా, అన్నం తినాలా అని.

కచేరీ సంగతి చెప్పి ముగిస్తాను. ముంబయి తరవాత అహ్మదాబాద్ నరేంద్ర మోదీ స్టేడియంలో జనవరి 25, 26 తేదీల్లో కూడా పాడతామన్నారు కోల్డ్‌ప్లే వాళ్లు. లక్షకు పైగా పట్టే చోటు అది. ఆ అమ్మకంలోనూ మా పిల్లకు దక్కలేదు. ఆఖరి కచేరీ హాట్‌స్టార్‌లో నేరుగా చూపిస్తారని తెలిసి, టీవీ ముందు కూర్చుందామని నాకు కూడా ఆహ్వానం పంపింది. జనవరి మూడో వారంలో దాని ఆఫీసులో ఒకతను వచ్చి, భార్య తరఫున వాళ్ల ఊళ్లో ఏదో శుభకార్యం పడిందని, 26వ తేదీది ఒక టికెట్ మిగిలిందని చెప్పాడట. ఇది గుండె చిక్కబట్టుకుని ఎంత అని అడిగింది. అతను ఫోన్ తీసి, రసీదు తెరిచి, దాని మీద ఉన్న అంకె చూపించాడు. అంతే పంపమన్నాడు. చార్జీలు కూడా వద్దన్నాడు.

రైల్లో వెళ్లింది. 26 రాత్రి నేను, మా వదిన టీవీ ముందు కూర్చున్నాం. కెమెరా జనం మీదికి తిరిగినప్పుడల్లా వదిన లేచి తెర దగ్గరికి వెళ్లి వెతికింది. లక్షమందిలో ఎక్కడ కనబడుతుంది చెప్పండి. అయినా రెండుసార్లు "అదిగో" అంది.